వేట జంతువులు పోతే అడవి చీమల పాలు

వాన అడవిలో ఆకుకు కొదవ లేదు. తినే నోళ్లకూ కొదవ లేదు. మరి అడవి ఎలా పచ్చగా మిగులుతోంది? ఆకుల్లో చేదు, విషం ఉండటం ఒక కారణం. ఆకు తినేవాటిని తినేవి ఉండటం రెండోది. ఈ రెండోదాని బలమెంతో దక్షిణ అమెరికాలోని వెనిజులాలో ఒక డ్యాం పుణ్యమా అని బయటపడింది.

అక్కడ కరోనీ నదిపై గురి డ్యాం కట్టారు. 1986లో నీరు నిండి నాలుగు వేల చదరపు కిలోమీటర్లకు పైగా మునిగింది. గుట్టల తలలు దీవులై తేలాయి. వాటిలో కొన్ని ఎకరం, రెండెకరాలే. అంత జాగాలో మన చిరుతను పోలిన జాగ్వార్‌కు బతుకేముంది? చీమల పుట్టలపై పడే దండు చీమలూ, పుట్టలు తవ్వే ఆర్మడిల్లోలూ పోయాయి. మిగిలినవి హౌలర్ కోతులు, ఉడుములాంటి ఇగ్వానాలు, ఎలుక జాతి, ఆకు కోసే చీమలు.

అమెరికా శాస్త్రవేత్త జాన్ టెర్‌బర్గ్ బృందం ఏళ్ల తరబడి ఈ దీవులు తిరిగి 2001లో లెక్క చెప్పింది. వేట జంతువులు లేని దీవుల్లో ఆకు, గింజ తినేవి పక్క అడవిలో కంటే పది నుంచి వంద రెట్లున్నాయి!

వీటిలో ఆకు కోసే చీమల సంగతి వినండి. ఇవి మన దేశంలో లేవు. కత్తిరించిన ఆకు ముక్కను గొడుగులా ఎత్తుకుని వరుసగా పుట్టకు పోతాయి. ఆ ఆకును తినవు. నమిలి ముద్ద చేసి, దానిపై బూజు పెంచి, ఆ బూజును తింటాయి. మనం వరిగడ్డిపై పుట్టగొడుగులు పెంచినట్టే! ఒక్కో పెద్ద పుట్టలో లక్షల్లో చీమలుంటాయి. అడ్డులేకపోతే లేత మొక్క కంటబడటమే ఆలస్యం.

పెద్ద చెట్లు నిలబడే ఉన్నాయి కాబట్టి దూరం నుంచి చూస్తే దీవి పచ్చగానే ఉంటుంది. కింద చూస్తేనే తెలుస్తుంది. పెద్ద అడవిలో వంద చిన్న మొక్కలుండే చోట, చిన్న దీవుల్లో 1997లో 37 ఉన్నాయి. 2002 నాటికి 25కి పడిపోయాయి. ముసలి చెట్టు కూలితే దాని చోటుకు వచ్చేదేదీ?

వరి మడిలోనూ ఇదే గొలుసు. దోమపోటు తెచ్చే గోధుమరంగు దోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. సాలీళ్లు దోమను, మిరిడ్ నల్లులు దాని గుడ్లను తింటాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే ఇవి చచ్చిపోతాయి. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల భద్రం. పిల్లలు లేచేసరికి మడిలో వాటిని తినే నాథుడుండడు. మందు కొట్టిన చేలోనే దోమ మళ్లీ ఎగబడటానికి ఇదొక ముఖ్య కారణం. ఈ దెబ్బ తిన్న ఇండోనేషియా 1986లోనే వరిపై 57 రకాల మందులను నిషేధించింది. దానివల్ల అక్కడ వరి పంటేమీ పడిపోలేదు.

రైతు సోదరులారా, దుబ్బులు తట్టి దోమను చూసేటప్పుడు సాలీళ్లను, మిరిడ్ నల్లులను కూడా లెక్కపెట్టండి. అవి బాగా కనిపిస్తుంటే డబ్బా మూత తీసే ముందు మీ వ్యవసాయాధికారిని ఒక మాట అడగండి.