గాజుదా తప్పు, రాగిదా?

అనంతపురం జిల్లా పల్లెల్లో కరెంటు స్తంభాల మీదుగా ఇంటర్నెట్ కేబుల్ కూడా సాగిపోతుంటుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్‌నెట్ ఇలాగే స్తంభాలెక్కి ఊళ్లకు చేరింది. రాతినేల తవ్వే పని తప్పింది. కేబుల్ లోపల గాజుపోగు, అందులో పరుగెత్తే వెలుతురు. ఇంట్లో గోడకు బిగించిన బాక్సుతో గాజు పని అయిపోతుంది. అక్కణ్నుంచి ల్యాప్‌టాప్ దాకా రాగిదే పెత్తనం.

నెట్ ఆగితే ముందు తప్పెవరిదో తేల్చుకోవాలి. బాక్సు మీద ‘ఎల్‌ఓఎస్’ ఎర్రగా వెలిగితే వెలుతురు అందడం లేదని అర్థం, కేబుల్ వాళ్లను పిలవాల్సిందే. ఆ లైటు లేకపోతే రాగి వైపు చూడాలి.

రాగి కథ 1973లో మొదలైంది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ ప్రయోగశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఒకే కేబుల్‌కు కంప్యూటర్లన్నీ తగిలించి ‘ఈథర్నెట్’ నడిపారు. వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. రెండు కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడితే రెండూ ఆగి, కాసేపాగి మళ్లీ ప్రయత్నించేవి.

1990లో ఈథర్నెట్ మెలిపెట్టిన జత తీగలకు మారింది. ఆ మెలికకు గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ పొందాడు. పక్కనున్న కరెంటు తీగ రొద రెండు తీగల్లోనూ దాదాపు ఒకేలా పడుతుంది. అందుకునే చిప్ వాటి తేడానే చదువుతుంది కాబట్టి రొద కొట్టుకుపోతుంది. 1995లో 100 మెగాబిట్ల ప్రమాణానికి రెండు జతలే చాలాయి. 1999 నాటి 1000 మెగాబిట్లకు నాలుగు జతలూ కావాలి.

మన ఇంటి తంటా ఇక్కడే ఉంటుంది. ప్లగ్గు లాగి వెలుతురులో పట్టుకుంటే ఎనిమిది రంగుల కొసలు కనబడతాయి. నారింజ, ఆకుపచ్చ జతలు బాగుండి నీలి తీగ ఒక్కటి పట్టు తప్పినా, చాలా ల్యాప్‌టాప్‌లు నెట్ ఆపవు, నాలుగేళ్లు వెనక్కి జారి 1995 నాటి వేగానికి దిగిపోతాయి. సెట్టింగుల్లో లింకు వేగం 1000 బదులు 100 అని ఉంటే, బాక్సు గిగాబిట్‌దే అయితే, ముందు కేబుల్ మార్చి చూడాలి.

లింకు లైటు వెలుగుతున్నా ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు 169.254తో మొదలైతే తీగను అనుమానించక్కర్లేదు. బాక్సు అడ్రసు ఇవ్వకపోవడంతో ల్యాప్‌టాప్ తానే ఒకటి తగిలించుకుందన్నమాట. అప్పుడు బాక్సును ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోవచ్చు. లైటే వెలగకపోతే మాత్రం క్లిప్పు విరిగిందేమో, ఎలుక కొరికిందేమో వెతకాలి.