ఇంట్లో కూర్చుకునే కంప్యూటరు

కంప్యూటరు అనగానే చాలామంది అదొక మూసి ఉన్న పెట్టె అనుకుంటారు. దుకాణంలో కొనాలి, చెడిపోతే దుకాణానికే పంపాలి, లోపల ఏముందో చూడరాదు అని భావిస్తారు. నిజానికి కంప్యూటరు ఒకే వస్తువు కాదు. అది ఏడెనిమిది విడిభాగాల కలయిక. ఆ భాగాల పని తెలిసినవారు వాటిని కొని తెచ్చి, ఒక స్క్రూడ్రైవరు సాయంతో ఇంట్లోనే కూర్చుకోగలరు. గోడకున్న పెద్ద టెలివిజనునే దానికి తెరగా వాడుకోగలరు.

ఇంటి టెలివిజనును కంప్యూటరుకు తెరగా వాడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1973 సెప్టెంబరులో డాన్ లాంకాస్టర్ అనే అమెరికా ఇంజనీరు ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో 'టీవీ టైప్‌రైటర్' అనే పరికరాన్ని వివరించాడు. మీటలు నొక్కితే అక్షరాలు మామూలు టెలివిజను మీద కనబడేవి. వరుసకు 32 అక్షరాల చొప్పున 16 వరుసలు మాత్రమే పట్టేవి. అయినా అది చూసి ఎందరో ఔత్సాహికులు సొంతంగా అలాంటివి తయారుచేసుకున్నారు. 1975లో 'ఆల్టెయిర్ 8800' అనే కంప్యూటరు విడిభాగాల రూపంలో అమ్మకానికి వచ్చింది. దానికి తెర లేదు, మీటల పలక లేదు. ముందువైపు స్విచ్చులు, చిన్న దీపాలు మాత్రమే ఉండేవి. 1976లో స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన 'ఆపిల్-1' ఒక సర్క్యూటు పలకగా అమ్ముడైంది. పెట్టె, కీబోర్డు, తెర కొన్నవారే సమకూర్చుకోవాలి. ఆ తెర చాలా ఇళ్ళలో టెలివిజనే. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద కొన్ని పాఠశాలలకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను కూడా టెలివిజనుకు కలపడానికి వీలుండేది.

వేరువేరు కంపెనీలు చేసిన భాగాలు ఒకదానితో ఒకటి ఎలా అమరుతాయి? దీనికి కారణం ప్రమాణాలు. ఏ ఊరిలో కొన్న మరచుట్టయినా దాని కొలతకు సరిపడే బోల్టుకు పట్టినట్లే, ఇక్కడా కొలతలు ముందే నిర్ణయించి ఉంటాయి. 1981లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ఇతరులు కూడా భాగాలు తయారుచేసి అమర్చగలిగేలా రూపొందించింది. 1995లో ఇంటెల్ సంస్థ 'ఏటీఎక్స్' అనే ప్రమాణాన్ని ప్రకటించింది. మదర్‌బోర్డు ఎంత వెడల్పు ఉండాలి, మరల రంధ్రాలు ఎక్కడ రావాలి, విద్యుత్తు తీగలు ఎలా ఉండాలి అన్నవి దానిలో ఉన్నాయి. చిన్న రకమైన మైక్రో ఏటీఎక్స్ బోర్డు పొడవు, వెడల్పు ఒక్కొక్కటి 244 మిల్లీమీటర్లకు మించవు. అందుకే ఒక కంపెనీ పెట్టెలో మరొక కంపెనీ బోర్డు చక్కగా కూర్చుంటుంది.

ఇక భాగాల పనిని పరిశీలిద్దాం. దీనికి వంటగది మంచి పోలిక. వంట చేసే మనిషి ప్రాసెసరు. లెక్కలన్నీ అదే చేస్తుంది. వంటగట్టు ర్యామ్. అప్పటికప్పుడు కావలసిన గిన్నెలు, కూరలు గట్టు మీద ఉన్నట్లు, నడుస్తున్న పనికి అవసరమైన సమాచారం ర్యామ్‌లో ఉంటుంది. గట్టు ఇరుకైతే పని కుంటుపడుతుంది. కరెంటు పోతే ర్యామ్‌లోని సమాచారం కూడా పోతుంది. సరుకుల అలమర ఎస్ఎస్‌డీ. కరెంటు లేకపోయినా అందులో దాచినది అలాగే ఉంటుంది. వీటన్నిటినీ కలిపే గది మదర్‌బోర్డు. గదికి కరెంటు అందించేది ఎస్.ఎం.పి.ఎస్. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తును అది 12, 5, 3.3 వోల్టులుగా మార్చి భాగాలకు పంచుతుంది. వేడిని బయటికి నెట్టడానికి హీట్‌సింకు, ఫ్యాను ఉంటాయి. ఇవన్నీ క్యాబినెట్ అనే ఇనుప పెట్టెలో ఇముడుతాయి.

కొనే ముందు ఈ భాగాలకు పొత్తు కుదురుతుందో లేదో చూసుకోవాలి. ప్రాసెసరు కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఒక సాకెట్‌కు చేసిన ప్రాసెసరు మరొక దానిలో పట్టదు. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలున్నాయి. వాటి అంచున ఉండే గాడి వేరువేరు చోట్ల ఉంటుంది కనుక ఒకదాని స్థానంలో మరొకటి దిగదు. మరొక ముఖ్య విషయం బొమ్మలకు సంబంధించినది. తెర మీద బొమ్మ రావాలంటే గ్రాఫిక్స్ విభాగం కావాలి. చాలా ప్రాసెసర్లలో అది లోపలే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అనే అక్షరం ఉంటే దానిలో గ్రాఫిక్స్ లేదని అర్థం. ఈ సంగతి తెలియక కొన్నవారు అన్నీ సరిగ్గా అమర్చినా తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు. చదువుకోవడానికి, రాసుకోవడానికి, సినిమాలు చూడటానికి లోపలి గ్రాఫిక్స్ చాలు.

విడిభాగాలకు పెద్ద నగరాలలో ప్రత్యేక బజార్లు ఉన్నాయి. బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, చెన్నైలో రిచీ వీధి, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇందుకు పేరుపొందాయి. ఎక్కడ కొన్నా రసీదు, వారంటీ కాగితం తీసుకోవాలి. ఎస్.ఎం.పి.ఎస్. విషయంలో మాత్రం చవకకు ఆశపడకూడదు. అది నాసిరకమైతే తనతోపాటు మిగిలిన భాగాలనూ పాడుచేయవచ్చు.

కూర్చే పనిలో మొదటి శత్రువు కంటికి కనబడదు. అది స్థిర విద్యుత్తు. పొడి గాలి ఉన్న రోజున నైలాను బట్ట విప్పితే చిటపటమంటుంది. ఆ చురుకు మనకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. కంప్యూటరు చిప్పులు అంతకంటె ఎంతో తక్కువకే దెబ్బతినవచ్చు. అందుచేత పని చేసేవారు తివాచీ మీద కాక బల్ల దగ్గర నిలబడతారు. భాగాలను ముట్టుకునే ముందు, పని మధ్యలోనూ ఇనుప క్యాబినెట్‌ను తాకి తమ ఒంటిలోని విద్యుదావేశాన్ని వదిలించుకుంటారు. బోర్డులను అంచులతో పట్టుకుంటారు.

మొదట మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీద ఉంచి ప్రాసెసరును అమర్చాలి. ప్రాసెసరు మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సాకెట్ మీది గుర్తుతో అది కలిసేటట్లు పెడితే తన బరువుతోనే దిగుతుంది. నొక్కకూడదు. ఒక్క సూది వంగినా భాగం పనికిరాకుండా పోవచ్చు. నిదానమే ప్రధానం అన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఆ తరువాత ప్రాసెసరు మీద బఠానీ గింజంత థర్మల్ పేస్టు పెట్టి హీట్‌సింకును బిగించాలి. రెండు లోహపు తలాలు ఎంత నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీలలోని గాలి వేడిని సరిగా పోనివ్వదు. పేస్టు ఆ ఖాళీలను పూరించి వేడికి దారి ఇస్తుంది. కొన్ని హీట్‌సింకులకు పేస్టు ముందే పూసి వస్తుంది. వాటికి మళ్ళీ పూయనవసరం లేదు. ఫ్యాను తీగను బోర్డు మీద దానికి కేటాయించిన చోట కలపడం మరచిపోరాదు.

ర్యామ్‌ను మాత్రం కొంచెం గట్టిగానే నొక్కాలి. రెండు చివరల కొక్కేలు టక్కుమని పడితే అది సరిగా కూర్చున్నట్లు. తరువాత ఎస్ఎస్‌డీని అమర్చి, బోర్డును క్యాబినెట్‌లో మరలతో బిగిస్తారు. చివరికి ఎస్.ఎం.పి.ఎస్. తీగలను కలుపుతారు. బోర్డుకు 24 సూదుల పెద్ద తీగ, ప్రాసెసరుకు విడిగా మరొక తీగ ఉంటాయి. ఈ రెండో తీగను మరచిపోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి కాని కంప్యూటరు లేవదు.

విద్యుత్తు విషయంలో రెండు నియమాలను ఎంతటి అనుభవజ్ఞులైనా మీరకూడదు. మొదటిది, ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను విప్పకూడదు. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. రెండవది, మూడు పిన్నుల ప్లగ్గును ఎర్తు ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి. మన ప్లగ్గులలో పైనున్న లావాటి పిన్ను మిగిలిన రెండింటికంటె పొడవుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్తు ముందుగా కలవాలని, తీసేటప్పుడు చివరగా విడిపోవాలని అలా చేశారు. కొన్ని ఇళ్ళలో ఎర్తు తీగ ఉండదు, లేదా రెండు పిన్నుల సాకెట్‌తో సరిపెట్టుకుంటారు. అప్పుడు క్యాబినెట్‌ను తాకితే చేతికి జిల్లుమంటుంది. దానిని చిన్న విషయమని వదిలేయకూడదు. లోపల ఏదైనా తీగ పెట్టెకు తగిలిననాడు ఆ ఎర్తే ప్రాణం కాపాడుతుంది. కంప్యూటరు కొనడానికి ముందే ఎలక్ట్రీషియను చేత ఎర్తు సరిచేయించుకోవాలి.

ఇప్పుడు టెలివిజను సంగతి. పూర్వం బొమ్మకు ఒక తీగ, ధ్వనికి మరొక తీగ కావలసివచ్చేవి. 2002 డిసెంబరులో వెలువడిన హెచ్‌డీఎంఐ ప్రమాణం రెండింటినీ ఒకే కేబులులో చేర్చింది. దాని కొనలో 19 సంధులు ఉంటాయి. కంప్యూటరును, టెలివిజనును రెండింటినీ ఆపి కేబులు కలపడం క్షేమం. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరులో కేబులును ఆ కార్డుకే పెట్టాలి. తరువాత రిమోటుతో సరైన హెచ్‌డీఎంఐ ద్వారాన్ని ఎంచుకోవాలి. కేబులు కలవగానే టెలివిజను తన కొలతలను కంప్యూటరుకు తెలియజేస్తుంది. దానిని బట్టి కంప్యూటరు బొమ్మను పంపుతుంది.

ఆ కేబులు మోసే బరువు ఎంతో ఒక లెక్క వేసి చూడవచ్చు. 4కే టెలివిజను తెర మీద అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు ఉంటాయి. మొత్తం 82,94,400 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 60 బొమ్మలు మారాలి. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు దాదాపు 1,194 కోట్ల బిట్లు అవుతాయి. అందుకే పాత కేబులు వాడితే బొమ్మ మినుకుమినుకుమనవచ్చు, లేదా అసలే రాకపోవచ్చు. ఈ వేగాన్ని అందుకొనే హెచ్‌డీఎంఐ 2.0 ప్రమాణం 2013లో వచ్చింది. కేబులు పొడవు పెరిగినకొద్దీ సంకేతం బలహీనపడుతుంది కనుక అవసరమైనంత పొడవే తీసుకోవాలి.

టెలివిజను సినిమా కోసం చేసింది. కంప్యూటరు తెర అక్షరాల కోసం చేసింది. ఈ తేడా తెలుగు చదివేటప్పుడు బాగా తెలుస్తుంది. కొన్ని టెలివిజన్లు బొమ్మ అంచులను కొద్దిగా కత్తిరించి చూపుతాయి. ఇది పాత గాజు గొట్టాల టెలివిజన్ల కాలం నుండి వచ్చిన అలవాటు. దానివల్ల తెర అంచుల్లో ఉన్న వరుసలు కనబడవు. మరికొన్ని టెలివిజన్లు వెలుగును ప్రతి చుక్కకూ చూపినా, రంగును మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒకటిగా చూపుతాయి. సినిమాలో ఇది ఎవరికీ తెలియదు. కాని నీలం మీద ఎర్రగా రాసిన అక్షరాలు అలుక్కుపోతాయి. 'థ'కు, 'ధ'కు మధ్య తేడా ఒక్క చుక్క. 'ర'కు, 'ఠ'కు మధ్య తేడా కూడా లోపలి చుక్కే. కింద వచ్చే వత్తులు మరీ చిన్నవి. అవి చెదిరితే మాటే మారిపోతుంది. టెలివిజను అమరికలలో 'పీసీ' విధానాన్ని ఎంచుకొని, అంచులు కత్తిరించే ఏర్పాటును ఆపివేస్తే అక్షరాలు తేటగా వస్తాయి.

ఎంత దూరంలో కూర్చోవాలన్నదానికి కూడా లెక్క ఉంది. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. దానిలో అడ్డంగా 1,920 చుక్కలు ఉంటే ఒక్కొక్క చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. మంచి చూపు ఉన్నవారికి సుమారు 1.7 మీటర్ల దూరం నుండి ఆ చుక్కలు విడివిడిగా కనబడవు. అంతకంటె దగ్గరగా కూర్చుంటే అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా తోస్తాయి. 4కే తెర అయితే ఈ దూరం సగం చాలు. దూరంగా కూర్చున్నప్పుడు అక్షరాల పరిమాణం పెంచుకోవాలి.

ఇంత శ్రమ దేనికి అన్న ప్రశ్న రావచ్చు. తెలుగు నాడుకు దూరంగా ఉన్న ఊళ్ళలో తెలుగు పుస్తకాలు దొరకడం కష్టం. బడిలో ఒకే పుస్తకం ఉంటే దానిని నలభైమంది ఒకేసారి చదవలేరు. అదే పుట పెద్ద తెర మీద ఉంటే అందరూ కలిసి చదవగలరు. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్‌లో 1991లో వెలువడిన తొలి రూపం నుండే తెలుగుకు చోటు ఉంది. 'క్ష' అనే అక్షరాన్ని కంప్యూటరు 'క', పొల్లు, 'ష' అనే మూడు సంకేతాలుగా దాచుకుని తెర మీద ఒకటిగా చూపుతుంది. లినక్స్ వంటి ఉచిత వ్యవస్థలను వేసుకుంటే వెల లేకుండానే తెలుగులో చదవవచ్చు, రాయవచ్చు.

కూర్చడం తెలిసినవారికి మరొక లాభం ఉంది. కంప్యూటరు నెమ్మదించిందని మొత్తం పారవేయరు. ర్యామ్ పెంచుతారు, లేదా పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడతారు. చెడిన భాగం ఏదో కనుగొని దానినే మారుస్తారు. పనికిరాని భాగాలను చెత్తకుప్పలో వేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించే కేంద్రాలకు ఇస్తారు. వస్తువు లోపల ఏముందో తెలిసినవాడు దానిని పొదుపుగా, భయం లేకుండా వాడుకుంటాడు. తెలియనివాడికి ప్రతి చిన్న లోపమూ పెద్ద ఖర్చే.

ప్రశ్నలు

1. వేరువేరు కంపెనీల భాగాలు ఒకే కంప్యూటరులో అమరడానికి కారణమేమిటి?
2. ర్యామ్‌ను, ఎస్ఎస్‌డీని వంటగదిలోని వేటితో పోల్చారు? ఎందుకు?
3. ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడవుగా ఎందుకు ఉంటుంది?
4. టెలివిజను తెర మీద తెలుగు అక్షరాలు తేటగా కనబడకపోవడానికి గల కారణాలను వివరించండి.
5. 1,920 × 1,080 చుక్కల తెరకు సెకనుకు ఎన్ని బిట్లు కావాలో పాఠంలోని పద్ధతిలో లెక్కకట్టండి.