గిన్నె నెర్రె బారినా పని పోదు

తరిమెన మీద కట్టె ఎదురు తిరిగితే పనివాడు చేయవలసిందేమిటి?

నాగలి స్థానంలో ట్రాక్టరు వచ్చింది. ఎడ్ల బండికి చక్రం చేయించుకునేవారు కరువయ్యారు. స్టీలు, ప్లాస్టిక్ వచ్చి కొయ్య మరిగెలను, తెడ్లను వంటింటి నుంచి సాగనంపాయి. వడ్లవారి బాడిస చాలా ఇళ్లలో మూలకు చేరింది. అయినా మంచం కోళ్లు, ఊయల కమ్ములు, చల్ల కవ్వాలు తరిమెన పట్టిన చేతులు పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. ఇంటి అలంకరణకు కొయ్య గిన్నె, కుంకుమ భరిణె, పూల పాత్ర కావాలని అడిగేవారు పట్నాల్లో ఉన్నారు. కోళ్లు చేసే చేతికి గిన్నె చేయడం కొత్త విద్యేమీ కాదు.

చిక్కల్లా నష్టం దగ్గరే ఉంది. మంచం కోడు గట్టి ముక్క. లోపల తొలిచేది ఉండదు. గిన్నె అలా కాదు. కడుపు తొలవాలి, గోడ పలచన కావాలి, అడుగు నిలవాలి. ఏ ఒక్కచోట తప్పినా పొద్దంతా పడిన శ్రమ, ముక్క ఖరీదు రెండూ పోతాయి. రెండు మూడు గిన్నెలు వరుసగా పగిలితే "మనకు అచ్చిరాలేదు" అని వదిలేసేవారే ఎక్కువ. కానీ పగుళ్లలో చాలా భాగం కట్టె తరిమెన ఎక్కకముందే పడతాయి. తరిమెన మీద జరిగే పొరపాట్లలో చాలా వాటికి మందు ఉంది. ఈ రెండూ తెలిస్తే సగం నష్టం తప్పుతుంది.

ఏటికొప్పాక దారి

తెలుగు నేల మీద తరిమెన పనికి పేరు పడిన ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లాలోనిది. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు అక్కడి చేతుల నుంచి వచ్చిన సరుకే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పసుపు, నీలిమందు వంటి చెట్టూ చేమల రంగులను లక్కలో కలిపే పద్ధతికి పాటుపడిన ఆ ఊరి వ్యక్తి సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగింది.

వారు వాడేది అంకుడు కర్ర. దీన్నే తెడ్లపాల అని కూడా అంటారు. పేరులోనే తెడ్డు ఉంది. తెల్లగా, మెత్తగా, తేలిగ్గా ఉండి ఉలికి లొంగుతుంది. అయితే దుంగ లావు తక్కువ. అందుకే అక్కడ చిన్న భరిణెలు, పిడతలు ఎక్కువ. మన వైపు పొలం గట్లపై దొరికే వేప, మామిడి, చింత, తుమ్మ మొద్దుల్లో పెద్ద గిన్నె వస్తుంది. వాటితో వచ్చే తిప్పలు కూడా పెద్దవే.

పచ్చి కట్టె పగ

అప్పుడే కొట్టిన కట్టెలో నీరు నిండుగా ఉంటుంది. ఆరుతున్నప్పుడు మొదట కట్టె నాళాల్లోని నీరు పోతుంది. అప్పటికి కట్టె కుదించుకుపోదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తర్వాత నార లోపలి నీరు పోవడం మొదలవుతుంది. కట్టె ముడుచుకునేది అక్కడి నుంచే. అన్ని వైపులా ఒకేలా ముడుచుకుంటే పగులు రాదు. కానీ దుంగ చుట్టుకొలత వెంట ముడుపు, నడిమి నుంచి బెరడు వైపు ముడుపుకు ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. ఈ లాగులాటలోనే నెర్రె పుడుతుంది. గుండ్రంగా చేసిన గిన్నె నెల తిరిగేసరికి కోలగా మారడానికీ కారణం ఇదే.

కోస్తా గాలిలో తేమ ఉంటుంది. మన మెట్ట నేలల్లో ఏప్రిల్, మే నెలల వడగాలి కట్టెను పిండేస్తుంది. పైపొర గబగబా ఎండి ముడుచుకుంటుంది. లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. ఇంకేముంది, మొద్దు నోరు తెరుస్తుంది. కాబట్టి వేసవిలో కొట్టిన మొద్దును ఎండలో పడేయడం చేజేతులా చెరుపుకోవడమే.

దీనికి ఉపాయాలు ఖరీదైనవి కావు. మొద్దు కోసిన రోజే రెండు చివరలకూ మైనం పూయాలి. అది లేకపోతే పేడ మెత్తాలి. నీరు పక్కల కంటే చివరల నుంచే అనేక రెట్లు వేగంగా పోతుంది. మొద్దు నడిమధ్య ఉండే మెత్తటి బెండు పగుళ్లకు పుట్టిల్లు. పెద్ద గిన్నెకైతే మొద్దును నిలువునా రెండుగా చీల్చి, బెండును చెక్కి పారేసి వాడాలి.

అన్నింటికన్నా మేలైన పద్ధతి గిన్నెను రెండు విడతలుగా చేయడం. పచ్చిగా ఉన్నప్పుడే మోటుగా తొలిచి, గోడను మందంగా వదలాలి. పది అంగుళాల వెడల్పు గిన్నెకు అంగుళం మందం లెక్క. దాన్ని దాని పొట్టుతోనే కాగితం సంచిలో గానీ, గోనెలో గానీ కప్పి నీడన, గాలి సూటిగా తగలని చోట పెట్టాలి. వారానికోసారి తక్కెడలో తూచి, బరువును గిన్నె మీదే రాసుకోవాలి. బరువు తగ్గడం ఆగితే కట్టె ఆరినట్టు. ఇందుకు నెలలు పట్టవచ్చు. అప్పుడు మళ్లీ తరిమెన ఎక్కిస్తే, కోలగా మారిన గిన్నెను గుండ్రం చేయడానికి ఆ అంగుళం మందం అక్కరకు వస్తుంది.

ఉలి తగులుకుంటే...

తరిమెన మీద హడలెత్తించేది ఉలి తగులుకోవడం. తిరుగుతున్న కట్టె ఒక్కసారిగా ఉలిని లోపలికి లాగుతుంది. గిన్నె అంచు ఎగిరిపోవచ్చు, ముక్కే ఊడి మీదికి రావచ్చు. మొండి ఉలిని బలంతో నొక్కడం, ఉలిని ఆనించే దిమ్మెకు, కట్టెకు నడుమ ఎడం ఎక్కువ వదలడం, కట్టె నారకు ఎదురుగా కోయడం దీనికి కారణాలు.

నిలువునా చీల్చిన మొద్దుతో చేసే గిన్నెకు బయటి వైపు అడుగు నుంచి అంచుకు, లోపలి వైపు అంచు నుంచి నడిమికి ఉలి నడవాలి. సన్నని దుంగను నిలువుగా బిగించి చేసే భరిణెకు ఇది తిరగబడుతుంది. బయట లావు నుంచి సన్నానికి, లోపల నడిమి నుంచి అంచుకు కోయాలి. ఈ తేడా తెలియక కోళ్ల పని అలవాటుతో ఉలి నడిపితే నార లేచి గిన్నె గరుకుబారుతుంది.

మోటారు వేయకముందు ముక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. ఎక్కడైనా తగిలితే అప్పుడే తెలుస్తుంది. భుజం మీది తువ్వాలు, వేలాడే అంగీ చేయి తరిమెన దగ్గర పనికిరావు. కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉలి తగులుకున్న మరుక్షణం చేయవలసింది మోటారు ఆపడం. అదే వేగంలో సరిచేయబోయి గిన్నెను పోగొట్టుకున్నవారే ఎక్కువ. ఆపి, ఉలి సాన పట్టి, ముక్క బిగువు చూసుకుని, పలచటి పొరలుగా కోస్తే గాటు మాసిపోతుంది.

అడుగు తెగితే

లోతు తెలియక అడుగు తెగిపోవడం కొత్త చేతులకు తప్పని దెబ్బ. ముక్కను పట్టుకున్న స్క్రూల పొడవు మరిచిపోతే ఉలి నేరుగా ఇనుముకే తగులుతుంది. తొలవడానికి ముందే ఎంత లోతు కావాలో అంతకు కొంచెం తక్కువగా నడిమధ్య ఒక రంధ్రం బర్మాతో వేసుకోవాలి. రంధ్రం గుర్తు కనబడకుండా పోయేసరికి నిదానించాలి.

తెగిన అడుగుకూ దారి ఉంది. చిల్లును గుండ్రంగా పెద్దది చేసి, వేరే రంగు కట్టెతో బిళ్ల తరిమెన పట్టి, జిగురుతో బిగించవచ్చు. తెల్లటి వేప గిన్నెలో నల్లటి తుమ్మ చేవ బిళ్ల పడితే చూసేవారు అది నగిషీ అనుకుంటారు. నిలువు దుంగ భరిణెల్లో బెండు ఉన్న అడుగును ముందే తీసేసి ఇలా బిళ్ల వేస్తే పగులు భయమే ఉండదు.

అంచు చీలితే చీలిక కిందికి కోసేయాలి. గిన్నె పళ్లెమవుతుంది, అంతే. సన్న నెర్రెలో కరిగించిన లక్క, రంపపు పొట్టు కలిపి నింపవచ్చు. జపాన్‌లో పగిలిన మట్టి పాత్రలను చెట్టు జిగురుతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దుతారు. దానిని కింత్సుగి అంటారు. అతుకును దాచకుండా అందంగా చూపడం ఆ పనితనం. మన వైపు ఇత్తడి తీగతో కుట్టినా అదే శోభ వస్తుంది.

అయితే అంచు నుంచి అడుగు దాకా చీలిన గిన్నెను మళ్లీ తిప్పరాదు. అది ముక్కలై ఎగురుతుంది. దాని పైన ఆశ వదులుకుని, మిగిలిన కట్టెను బొంగరాలకు, భరిణె మూతల గుబ్బలకు వాడుకోవాలి. పనివాడి చేయి కంటే గిన్నె ఎక్కువ కాదు.

లక్క దగ్గర తొందర వద్దు

చివరి మెరుగు లక్క. మన మెట్టల్లో విరివిగా పెరిగే మోదుగు, రేగు చెట్లు కూడా లక్క పురుగుకు ఆశ్రయమిచ్చేవే. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కట్టెకు ఆనిస్తే రాపిడి వేడికి అది కరిగి పట్టుకుంటుంది. దానిని మొగలి ఆకుతో రుద్ది నునుపు చేస్తారు. కట్టెలో తేమ ఉంటే లక్క బుడగలెత్తి పెచ్చులూడుతుంది. గట్టిగా నొక్కితే మాడుతుంది. మెల్లగా తిప్పితే కరగనే కరగదు.

లక్క తప్పులు తేలిగ్గా దిద్దుకోవచ్చు. మళ్లీ వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది కనుక గీకి, దుమ్ము తుడిచి, తిరిగి పట్టించవచ్చు. ఈ గుణమే కొనేవారికి హెచ్చరిక కూడా. సుమారు 70 డిగ్రీల వేడికే లక్క మెత్తబడుతుంది. లక్క గిన్నెలో వేడి అన్నం, వేడి చారు పోయరాదని అమ్మేవారు ముందే చెప్పాలి. చెప్పకుండా అమ్మితే గిన్నెతో పాటు పనివాడి మాట కూడా పోతుంది.

కట్టె ఉంటేనే పని

ఏటికొప్పాకకు పేరు వచ్చినా అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోంది. మనం దాని నుంచి నేర్చుకోవలసిన పాఠం ఇదే. అమ్రాబాద్ అడవి పులుల అభయారణ్యం. అక్కడ గొడ్డలి వేయడం నేరం. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ముందుగా అధికారులను అడిగి తెలుసుకోవడం మేలు. గాలివానకు పడిన వేప, కాపు ఉడిగిన మామిడి, పాత ఇంటి దూలం పొయ్యిలోకి పోకముందే తరిమెన వారికి చేరితే చాలా గిన్నెలవుతాయి. పాత దూలంలో మేకులు ఉన్నాయేమో వెతికి తీయాలి. ఒక్క మేకు ఉలి పదునంతా తీసేస్తుంది.

నరికిన మొదలు నుంచి అంకుడు మళ్లీ చిగురిస్తుంది. పొలం గట్ల మీద నాటి, కొమ్మలు కోసుకుంటూ పోతే మొక్కను చంపకుండా కట్టె తీసుకోవచ్చు. హరితహారం పేరిట కోట్ల మొక్కలు నాటిన రాష్ట్రంలో, నర్సరీల్లో అంకుడుకూ కొంత చోటు ఇవ్వడం భారం కాదు. పంచాయతీలు, చేతివృత్తుల శాఖ ఈ దిశగా ఆలోచిస్తే కోళ్లు చేసే చేతులు గిన్నెలు చేయడానికి వెనుకాడవు. మొదటి గిన్నె పగలవచ్చు. ఎందుకు పగిలిందో కనిపెట్టినవాడికి రెండో గిన్నె నిలుస్తుంది.