వార్తల్లో పదం: నేపా సమీక్ష

సెల్ టవర్ కట్టకముందే అక్కడి ప్రకృతికి, చారిత్రక కట్టడాలకు హాని ఉంటుందేమో తేల్చుకునే పరిశీలనను అమెరికాలో ‘నేపా సమీక్ష’ అంటారు. 1970 నాటి జాతీయ పర్యావరణ విధాన చట్టం (నేపా) దీనికి ఆధారం. ఈ సమీక్ష నిబంధనలను మార్చాలని టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2025 ఆగస్టులో ప్రతిపాదించింది.

చిత్తడి నేల పూడ్చాలా? అంతరించిపోతున్న జీవులున్నాయా? మూలవాసుల పవిత్ర స్థలమా? ముందుగా కంపెనీయే చూసుకోవాలి. అలాంటిదేదైనా తేలితే పర్యావరణ మదింపు నివేదిక ఇవ్వాలి. అనుమతి వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు.

టవర్ ఎత్తు 450 అడుగులు మించితే పక్షులకు ముప్పుందేమో కూడా చూడాలి. రాత్రిపూట వలసపోయే పిట్టలు, ఆరకుండా వెలిగే ఎర్రదీపాల చుట్టూ తిరిగి తిరిగి టవర్‌ను పట్టి ఉంచే తీగలకు తగిలి రాలిపోతాయి. ఆరుతూ వెలిగే దీపాలు పెడితే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

అమెరికాలోని తెలుగువారికీ ఇది అవసరమైన సంగతే. ఎఫ్‌సీసీ వద్ద నమోదు కావాల్సిన ఎత్తైన టవర్లపై, ప్రస్తుత నిబంధనల ప్రకారం, సాధారణంగా నోటీసు వెలువడిన 30 రోజుల్లోగా అభ్యంతరం తెలపవచ్చు.