నీ దుడ్లు యాడికీ పోవులే!

పని చేసినవాళ్లు బిల్లు ఎప్పుడు ఇవ్వాలి? కడప జిల్లాలో సొంతంగా పని పట్టుకుని బతికేవాళ్లందరినీ వేధిస్తున్న ప్రశ్న

"పండగ పోనీలే." "కాయలు కోసినంక చూద్దాం." "నీ దుడ్లు యాడికీ పోవులే అబ్బా!"

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు... సొంతంగా పని పట్టుకుని చేసుకునేవాళ్లను ఎక్కడ కదిలించినా ఈ మాటలే వినిపిస్తాయి. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, ఇళ్లకు ప్లాన్లు గీసేవాళ్లు, దుకాణాలకు లెక్కలు రాసిపెట్టేవాళ్లు, ఇంట్లో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు వెబ్‌సైట్లు చేసి ఇచ్చేవాళ్లు, అందరిదీ ఒకటే బాధ. పని అయింది, బాగుందన్నారు, డబ్బు మాత్రం రాలేదు.

వీళ్లకు బాకీపడ్డవాళ్లంతా మోసగాళ్లేం కాదు. ఎగ్గొట్టాలని మొదటి రోజే అనుకునేవాళ్లు తక్కువ. బిల్లు ఆలస్యంగా వెళ్లడం వల్లే చాలా బాకీలు ముదురుతున్నాయి. తెలిసినవాళ్లు, చుట్టాల ద్వారా వచ్చినవాళ్లు, రేపు ఎదురుపడేవాళ్లు అనే మొహమాటంతో బిల్లు నెల ఆగుతుంది, రెండు నెలలు ఆగుతుంది. ఈలోగా ఆ పని ఎంత కష్టపడి చేశారో చేయించుకున్నవాళ్లు మరిచిపోతారు. అప్పుడు అడిగితే న్యాయమైన కూలి కూడా వాళ్లకు కొత్తగా నెత్తినపడ్డ ఖర్చులా కనిపిస్తుంది.

పాత వృత్తులకు తెలిసిన లెక్క

ఈ విషయంలో మన పాత వృత్తులవాళ్లు చాలా నయం. పులివెందుల చేలల్లో బోరు వేసే లారీ వస్తే, ఎన్ని అడుగులు దిగిందో రాడ్లు లెక్కపెట్టి, కేసింగ్ పైపు ఖర్చు కలిపి అక్కడికక్కడే తేల్చుకుంటారు. నీళ్లు పడ్డా పడకపోయినా అడుగుల లెక్క మారదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు నగలు చేసి ఇచ్చే స్వర్ణకారులు బంగారం తీసుకునేటప్పుడు ఒక తూకం, నగ అప్పగించేటప్పుడు ఇంకో తూకం వేయిస్తారు. తరుగు, మజూరీ ఆ రెండో తూకం దగ్గరే తేలిపోతాయి. జమ్మలమడుగు వైపు మగ్గం నేసేవాళ్లకు కూలి చీరల లెక్కన వస్తుంది.

వీళ్లందరికంటే నేర్చుకోదగ్గవాడు ఇల్లు కట్టే మేస్త్రీ. చదరపు అడుగుకు ఇంతని లేబర్ కాంట్రాక్ట్ మాట్లాడుకుని పునాదికి, బేస్‌మెంట్‌కు, లింటల్‌కు, స్లాబ్‌కు, ప్లాస్టరింగ్‌కు విడివిడిగా డబ్బు తీసుకుంటాడు. స్లాబ్ దాకా వచ్చిన లెక్క తేలకుండా గోడల పూతకు మనుషులను దించడు. ఇంటివాళ్లు దీన్ని తప్పుపట్టరు, ఎందుకంటే ఎంత పని అయిందో కళ్లెదుట కనబడుతోంది. కంప్యూటర్ ముందు చేసే పనికి ఈ సౌకర్యం లేదు. అందుకే ఆ పనిని మనమే దశలుగా విడగొట్టి, ఏ దశ పూర్తయిన రోజు ఆ దశ బిల్లు పంపాలి. ఇంటి నమూనా ఒప్పుకున్న రోజు ఒక బిల్లు, పూర్తి డ్రాయింగులు ఇచ్చిన రోజు ఇంకొకటి.

చివరి వాటా ఎంత చిన్నదైతే అంత క్షేమం. పెళ్లి ఫొటోగ్రాఫర్లను అడగండి. ముహూర్తం కుదిరినప్పుడు కొంత, పెళ్లి రోజు కొంత తీసుకుని ఎక్కువ భాగాన్ని ఆల్బమ్ అప్పగించే రోజుకు వదిలేసినవాళ్లు ఇబ్బందిపడుతున్నారు. ప్రింటింగ్ ఖర్చు సొంత జేబులోంచి పెట్టాక, ఆల్బమ్ నెలల తరబడి స్టూడియోలోనే ఉండిపోతుంది. ఫోన్లలో ఫొటోలు చూసేసుకున్న కొత్త జంటకు ఆల్బమ్ కోసం తొందరేం ఉంటుంది?

నెలనెలా చేసే పనికి మాత్రం దశలు అక్కర్లేదు. ఒక తేదీ పెట్టుకుని, ఏ నెలా తప్పకుండా ఆ రోజే బిల్లు పంపితే చాలు. మధ్యలో "ఇంకొక్క చిన్న మార్పు" అని అడిగితే, దానికి ఎంతవుతుందో అప్పుడే రాసి పంపాలి.

అడ్వాన్స్‌లో ఒక మెలిక

అడ్వాన్స్ తీసుకోవాలి, కానీ దాన్ని వేలాడదీయకూడదు. ఈ గడ్డ 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాక, ఇది భాగమైన దత్త మండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చినవాడు థామస్ మన్రో. అంతకుముందు ఇప్పటి తమిళనాడులోని బారామహల్‌లో పనిచేసినప్పుడు చూసిన సంగతి ఒకటి 1813లో బ్రిటిష్ పార్లమెంటు ముందు చెప్పాడు. కంపెనీ వ్యాపార ఏజెంట్లు నేతగాళ్లను ఒకచోట చేర్చి, బట్ట కంపెనీకే ఇస్తామని ఒప్పుకునేదాకా కాపలా పెట్టేవారట. ఒకసారి అడ్వాన్స్ తీసుకున్న నేతగాడు ఆ బాకీలోంచి బయటపడటం అరుదట. ముందు తీసుకున్న డబ్బు మెడకు చుట్టుకోవడం అంటే ఇదే. కాబట్టి అడ్వాన్స్‌ను మొదటి బిల్లులోనే తీసివేసి చూపించండి. రెండో దశకు పాత లెక్క ఏదీ మిగలకూడదు.

ఎవరి చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుంది?

పట్నంవాళ్లు రాసే వ్యాసాల్లో కనిపించని మాట ఒకటుంది. మన ఊళ్లలో డబ్బు నెల జీతంలా రాదు, పంటతో వస్తుంది. పులివెందుల చుట్టుపక్కల చీనీ కాయలు, అరటి గెలలు అమ్ముడుపోయినప్పుడు రైతు చేతిలో నాలుగు రూపాయలు ఉంటాయి. అవి మందుల అంగడికి, డ్రిప్పు పైపులకు, పిల్లల ఫీజులకు వారాల్లోనే వెళ్లిపోతాయి. కోత అయ్యాక బిల్లు పంపితే వరుసలో చివర నిలబడ్డట్టే. కోతకు ముందే రాతలో బిల్లు చేతికిచ్చి, తేదీ ఒప్పించుకుంటే ఆ డబ్బులో మన వాటా ముందే లెక్కలోకి వస్తుంది. రైతును ఒత్తిడి చేయమని కాదు ఈ మాట. ఏం ఇవ్వాలో ముందే తెలియడం ఆయనకూ మేలే. ప్రొద్దుటూరు వ్యాపారులకైతే దసరా, దీపావళి, పెళ్లిళ్ల సీజన్ చూసుకోవాలి.

చట్టం గడియారం ఆగదు

చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. డబ్బు ఎప్పుడివ్వాలో గడువు పెట్టుకోకుండా చేసిన పనికి, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం కోర్టుకు వెళ్లేందుకు మూడేళ్లే సమయం. ఆ మూడేళ్లూ పని పూర్తయిన రోజు నుంచి లెక్క, బిల్లు ఇచ్చిన రోజు నుంచి కాదు. మొహమాటంతో ఏడాది ఆగితే ఏడాది పోయినట్టే. గడువు దాటకముందే బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెట్టిస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది. "ఇస్తాలేబ్బా" అన్న నోటిమాట అందుకు పనికిరాదు.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఇంకా పదునైనది. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదైన చిన్న సేవాసంస్థకు, అది ఒక్క మనిషి నడిపేదే అయినా, దీని రక్షణ ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే పని అందిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పని అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని ఒప్పుకున్నట్టే. అందుకే అప్పగించిన తేదీ రాతలో ఉండాలి. వాట్సాప్ మెసేజ్, ఈమెయిల్ అయినా సరే. నమోదుకు రుసుము లేదు. ఆధార్, పాన్ చాలు. అయితే పని ఒప్పుకోకముందే చేసుకోవాలి. తగాదా వచ్చాక పరుగెత్తితే పాత బాకీకి అక్కరకు రాదు.

ఆదాయపు పన్ను చట్టంలో 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన మార్పు దీనికి బలం చేకూర్చింది. చిన్న సంస్థలకు గడువు దాటించి చెల్లించే వ్యాపారులు ఆ మొత్తాన్ని నిజంగా చెల్లించిన ఏడాదే ఖర్చుగా చూపుకోవాలి. మార్చి దగ్గరపడుతున్నప్పుడు ఈ సంగతి గుర్తుచేస్తే ఆడిటరే మన తరఫున మాట్లాడతాడు. జీఎస్టీలో నమోదైనవాళ్లకు బిల్లు ఆపే వెసులుబాటే లేదు. సేవ అందించిన 30 రోజుల్లోపు ఇన్‌వాయిస్ ఇవ్వాలి. విదేశాల్లో చూస్తే, న్యూయార్క్ నగరం 2017 మే నుంచి ఫ్రీలాన్సర్ల కోసమే ఒక చట్టం అమలు చేస్తోంది. 800 డాలర్లు, ఆపైన విలువున్న పనికి రాత ఒప్పందం తప్పనిసరి. తేదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి. అలాంటి చట్టం మనకూ కావాలి.

సర్కారు పనుల సంగతి వేరు. కొలతల పుస్తకం (ఎం-బుక్)‌లో కొలతలు ఎక్కనిదే బిల్లు లేదు. ఎక్కినా ఎదురుచూపులు తప్పవు. 2019కి ముందు చేసిన ఉపాధి హామీ పనుల డబ్బు కోసం కాంట్రాక్టర్లు హైకోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. 12 శాతం వడ్డీతో చెల్లించమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2021 అక్టోబరులో ఆదేశించింది. అక్కడా వాళ్లను నిలబెట్టేది రికార్డే. అందుకే పార్ట్ బిల్లుకు వీలున్నచోట చివరి బిల్లు కోసం ఆగడం తెలివైన పని కాదు.

ఈ వారం మీరు పూర్తిచేసి, బిల్లు పంపకుండా ఉంచుకున్న పని ఏదైనా ఉంటే, ఇవాళే రాయండి. ఏం చేశారో, ఏ తేదీన అప్పగించారో, ఎంత రావాలో, ఏ రోజులోపు ఇవ్వాలో నాలుగు వరుసల్లో రాసి ఈ రాత్రికే పంపించండి.