అరచేతుల్లో ఆరు సిలిండర్లు!

డాట్సన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి గో, రెడీ-గో. 2014 నుంచి మన రోడ్ల మీదికొచ్చి, 2022లో సెలవు తీసుకున్న చిన్న కార్లు. అదే పేరు అరవై దాటిన ఏ జపాన్ కార్ల పిచ్చోడి దగ్గరైనా ఎత్తి చూడండి. ఆయన కళ్లముందు మెదిలే బండి వేరు. పొడవాటి బానెట్, వెనక్కి జారినట్టుండే టాపు, లోపల వరసగా నిలబడ్డ ఆరు సిలిండర్లు. దాని పేరు 240జెడ్.

ఏడు నెలలుగా ఆ బండి కాశీబుగ్గలో మా ఇంటి వసారాలో తయారవుతోంది. కంగారు పడకండి, పొడవు 36 సెంటీమీటర్లే! అసలు కారులో సరిగ్గా పన్నెండో వంతు. దీన్ని స్కేల్ మోడలింగ్ అంటారు. బొమ్మ కారు కొనుక్కోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, స్టీరింగ్, సీట్లు అన్నీ ముక్కలు ముక్కలుగా పెట్టెలో వస్తాయి. కోసి, అరగదీసి, రంగేసి, అతికించి కారుగా నిలబెట్టాల్సింది మనమే.

ఎవరీ జెడ్?

నిస్సాన్ కంపెనీ దీన్ని 1969 అక్టోబరులో జపాన్‌లో బయటపెట్టింది. అక్కడ పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూసిన యుటాకా కతయామాకి స్పోర్ట్స్ కారుకి ఆ పేరు నచ్చలేదు. ఇంజిన్ 2.4 లీటర్లది కాబట్టి 240జెడ్ అన్న పేరుతోనే అక్కడ అమ్మారు. ధర 3,526 డాలర్లు. జాగ్వార్, పోర్షేల ధరతో పోలిస్తే ఎంతో తక్కువ. జపాన్ వాళ్లు చవక కార్లే చేస్తారనుకున్న అమెరికా కుర్రాళ్లు షోరూముల ముందు క్యూ కట్టారు. కతయామా 105 ఏళ్లు బతికి 2015లో కన్నుమూశారు. జెడ్ అభిమానులు ఆయన్ని ఇప్పటికీ 'మిస్టర్ కె' అనే పిలుచుకుంటారు.

ఈ బండికీ మనకీ ఇంకో చుట్టరికం ఉంది. ఆఫ్రికాలో జరిగే సఫారీ ర్యాలీ అంటే కార్లని విరగ్గొట్టడానికే పెట్టారా అనిపించే పోటీ. బురద, గుంతలు, వాగులు. 1973లో దాన్ని 240జెడ్‌తో గెలిచినవాడు శేఖర్ మెహతా. ఉగాండాలో స్థిరపడిన భారతీయ కుటుంబంలో పుట్టి, కెన్యా తరఫున నడిపిన డ్రైవరు. ఆ ఏడాది మరో డాట్సన్ నడిపిన స్వీడన్ డ్రైవరుతో పెనాల్టీ పాయింట్లు సమానమయ్యాయి. అంత నువ్వానేనా అన్నట్టు సాగింది. ఆ తర్వాత 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగుసార్లు కూడా అతనిదే గెలుపు. మొత్తం ఐదు సఫారీలు!

నేను కడుతున్నది 240జెడ్‌జీ. 1971లో జపాన్ మార్కెట్ కోసం వచ్చిన రకం. గాలిని చీల్చడానికి ముక్కు పొడవు పెంచారు. చక్రాల మీద అదనపు రెక్కలు బిగించారు. కిట్ తయారీదారు జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన తామియా. 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క బొమ్మలు చేసి, 1960లో ప్లాస్టిక్ కిట్లలోకి దిగిన కంపెనీ. మన ఏటికొప్పాక, కొండపల్లి లాగే అక్కడా కథ కొయ్యతోనే మొదలైందన్నమాట.

పన్నెండుతో భాగిస్తే...

స్కేల్ మోడలింగ్‌లో అసలు కష్టం లెక్కలోనే ఉంది. రంగు పొర పదోవంతు మిల్లీమీటరు మందం పడిందనుకోండి. పన్నెండుతో హెచ్చిస్తే అసలు కారు మీద 1.2 మిల్లీమీటర్ల పూత పూసినట్టు! తలుపు అంచులు, బానెట్ గీతలు అన్నీ పూడుకుపోతాయి. అందుకే ఒకేసారి దట్టంగా కొట్టకూడదు. పల్చగా, మంచు పట్టినట్టు, నాలుగైదు పొరలు వేయాలి.

మా పలాసలో దీనికి ఇంకో తలనొప్పి ఉంది. సముద్రం దగ్గర. గాలిలో తేమ ఎక్కువ. లాకర్ రంగులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. గాలిలోని తేమ అక్కడ చేరి, మెరూన్ రంగు కాస్తా పాలు కలిపినట్టు తెల్లగా మారుతుంది. కాబట్టి వానాకాలం కార్యక్రమం బంద్. మాఘమాసంలో, మంచు విడిచి ఎండ బాగా కాశాక, మేడమీద గదిలో కొట్టాను.

రంగు ఆరాక పాలిష్. ఇది అర్థం కావాలంటే టెక్కలి రండి. 'టెక్కలి బ్లూ' గ్రానైట్‌ని పాలిష్ యూనిట్లలో ఎలా మెరిపిస్తారో చూడండి. ముందు గరుకు రాయి, తర్వాత కొంచెం సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం. మధ్యలో నీళ్లు ధారగా. ఒక మెట్టు దాటేశామా, దాని గీతలు చివర్లో మెరుపు కింద కనపడి వెక్కిరిస్తాయి. కారుకీ అదే సూత్రం. 1500 నంబరు వాటర్ పేపర్, తర్వాత 2000, తర్వాత 3000, చివర్లో రబ్బింగ్ కాంపౌండ్. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ టేపు వేసి కాపాడాలి.

మావయ్య రంగప్రవేశం

ఇదంతా నేను ఒక్కణ్నే చేసుకుంటున్న పని. కోడ్ రాసి రాసి బుర్ర వేడెక్కినప్పుడు సాయంత్రం ఓ గంట. మొదటి నెల మావయ్య నన్ను వింతగా చూసేవాడు.

"ఏట్రా అల్లుడా, అంత జీతం తెచ్చుకుంటూ ఈ బొమ్మలాటలేటి?"

మా అమ్మకి సొంత తమ్ముడు. హైవే పక్కన ఇరవై రెండేళ్లు లారీ మెకానిక్‌గా చేశాడు. మూడేళ్లుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. ఉద్దానం గురించి తెలిసినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ ఊరెళ్లినా ఇలాంటి ఇల్లు తగులుతుంది. ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నా, కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. షెడ్డు మూసేశాక మావయ్య పానాలు పట్టుకోలేదు. ఇంజిన్ మాటే ఎత్తేవాడు కాదు.

ఓరోజు ఇంజిన్ బ్లాకు అతికించి ఆరబెట్టాను. అరచేతిలో ఇమిడేంత. మావయ్య అటుగా వెళ్తూ ఆగాడు. కళ్లజోడు తెచ్చుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు.

"ఆరు సిలిండర్లా? మరి ప్లగ్గు వైర్లేవీ?"

"పెట్టాలి మావయ్యా."

"ఫైరింగ్ ఆర్డర్ ఏటి?"

నేను ఫోను తీసేలోపే ఆయనే చెప్పేశాడు. "ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. మన టాటా బండిదీ ఇదే!"

నిజమే. 240జెడ్‌లోని ఎల్24 పెట్రోలు ఇంజిన్‌దీ, మన హైవే మీద లక్షల టన్నులు మోసిన టాటా ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌దీ ఒకటే వరస. ఎందుకంటే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోపు ఆరు సిలిండర్లూ ఒక్కోసారి పేలాలి. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. ఆరుతో భాగిస్తే ప్రతి 120 డిగ్రీలకీ ఒకటి. పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే పేలితే బరువంతా ఒకే చోట పడుతుంది. అందుకని ఒకటి ఈ చివర, ఇంకోటి ఆ పక్క. ఆరు సిలిండర్ల వరస ఇంజిన్ అంత మెత్తగా నడవడానికి ఈ సమతూకం కూడా ఓ కారణం. డీజిల్‌లో ప్లగ్గులుండవు, పంపు నుంచి ఇంజెక్టర్లకి పైపులు వెళ్తాయి. వరస మాత్రం మారదు.

ఆ రోజు నుంచి ఇంజిన్ డిపార్ట్‌మెంట్ ఆయనది. పాడైపోయిన ఇయర్‌ఫోన్ ఒలిచి లోపలి సన్న తీగలతో ప్లగ్గు వైర్లు చేశాం. అసలు వైరు దాదాపు ఏడు మిల్లీమీటర్లు. మనకి అర మిల్లీమీటరు చిల్లర కావాలి. సరిగ్గా సరిపోయింది. డయాలసిస్ అయిన రోజు ఆయన చేతులు వణుకుతాయి, పట్టకారు ముట్టుకోడు. మర్నాడు మాత్రం ఐదింటికల్లా కుర్చీ వేసుకుని రెడీ. రంగు కొట్టే రోజు మేడెక్కనిచ్చేవాణ్ని కాదు. ఆ ఆవిర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే మంచివి కావు.

బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి మాకో తమాషా విషయం దొరికింది. ఈ కారుకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డ్రమ్ములో రాపిడికి ఆగే లైనింగ్ ఉంటుంది కదా, ఆ లైనింగుల తయారీలో జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనెతో చేసిన పొడి వాడతారు. వేడికి తట్టుకుంటుంది, పట్టు జారదు. పలాసలో ఆడవాళ్ల వేళ్లని నల్లగా కాల్చే ఆ నూనె, ఎక్కడో ఓ బండిని ఆపుతుందన్నమాట! మావయ్యకి ఈ సంగతి తెలీదు. "ఇన్నేళ్లు లైనింగులు మార్చినాను, మనూరి పిక్కే అని ఎవుడూ సెప్పనేదు" అని నవ్వాడు.

ఐడ్లింగ్ ఆగిన పొద్దు

డయాలసిస్ చేయించుకునేవాళ్ల చేతికి ఫిస్టులా అని పెడతారు. ధమనినీ సిరనీ కలిపి కుడతారు. అక్కడ వేలు పెడితే రక్తం వేగానికి 'జుమ్‌మ్' అని సన్నగా కంపిస్తుంది. అది ఉందో లేదో రోజూ చూసుకోవాలి. మావయ్య పొద్దున్నే లేచి ఎడమ చేతి మీద వేలు పెట్టుకుని, "ఐడ్లింగ్ బాగున్నాది" అంటాడు. ఇంట్లో అందరికీ అదే సుప్రభాతం.

ఏప్రిల్‌లో ఓ పొద్దున ఆ మాట వినపడలేదు. ఆయన మంచం మీద కూర్చుని వేలు అటూ ఇటూ జరుపుకుంటున్నాడు. "బండి ఆగిపోనాదిరా" అన్నాడు మెల్లగా. రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోయింది. గంటలు లెక్కలోకొచ్చే వ్యవహారం అది. ఆలస్యమైతే ఆ దారి పూర్తిగా పోతుంది, ఇంకో చోట కొత్తది పెట్టి, అది పనికొచ్చేదాకా వారాలకి వారాలు ఆగాలి. వెంటనే కారు మాట్లాడుకుని విశాఖపట్నం పరిగెత్తాం. ఆ సాయంత్రానికి గడ్డ తీశారు. రాత్రి పది దాటాక ఆయన వేలు పెట్టి చూసుకుని, ఏమీ అనకుండా నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. జుమ్‌మ్.

మూడు వారాల దాకా వసారాలో కారు బానెట్ తెరుచుకునే ఉంది. మూడు వైర్లు పెట్టి ఉన్నాయి, మూడు మిగిలున్నాయి. దాని మీద దుమ్ము పడకుండా అమ్మ ఓ గిన్నె బోర్లించింది. మావయ్య కాస్త కోలుకున్నాక అడిగిన మొదటి మాట, "ఆ మిగతా వైర్లు పెట్టీసినావేటి?"

"లేదు మావయ్యా."

"మంచిదే. నేదంటే వరస తప్పిపోను."

మర్నాడు సాయంత్రం ఆరు, రెండు, నాలుగు. బానెట్ మూస్తే ఈ వైర్లు ఎవరికీ కనపడవు. ఆ మాట నేనంటే, "లారీకి మాత్రం కనపడతాయేట్రా?" అన్నాడు.

మీరూ మొదలుపెట్టాలంటే...

నేరుగా 1/12 జోలికి పోవద్దు. ఈ కిట్ ఓ మధ్యరకం స్మార్ట్‌ఫోన్ ధర పలికింది. 1/24 స్కేల్ కిట్లు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతాయి, ముక్కలూ తక్కువ. మొదట్లో కావాల్సినవి ఐదే: ముక్కలు కత్తిరించే నిప్పర్, సన్న కత్తి, వాటర్ పేపర్లు, మోడల్ జిగురు, ఓ పట్టకారు. రంగుకి స్ప్రే డబ్బా చాలు, ఎయిర్‌బ్రష్ తర్వాత చూసుకోవచ్చు. అయితే మాస్కు విషయంలో బేరం వద్దు. కరోనా నాటి గుడ్డ మాస్కు ఈ ఆవిర్లని ఆపదు, కార్ట్రిడ్జ్ ఉన్నది కొనండి. కిటికీలు తెరిచిపెట్టండి. ఇంకోటి, మీ ఫోను కెమెరాలో జూమ్ చేసి చూస్తే కంటికి కనపడని గీతలన్నీ బయటపడతాయి. నా భూతద్దం అదే.

మా డాట్సన్‌కి ఇక అద్దాలు, నంబరు ప్లేటు మిగిలాయి. సెప్టెంబరు నుంచి నన్ను ఆఫీసుకి రమ్మన్నారు, బెంగళూరు వెళ్లిపోవాలి. కారు మాత్రం ఇక్కడే ఉంటుంది. మావయ్య అప్పుడే తర్వాతి బండి తేల్చేశాడు. ఆయన ఎక్కువగా చెయ్యి పెట్టింది టాటా 1210 లారీ. కిట్ అక్కర్లేదట, సన్‌బోర్డు కోసి మనమే చేద్దామంటాడు. పోయిన ఆదివారం తన పాత షెడ్డు వెనక తుప్పుపట్టి నిలబడ్డ లారీ దగ్గరికి తీసుకెళ్లాడు. టేపు ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఇంకో కొస నేను. టైరు ఎత్తు సుమారు మీటరు. 24తో భాగిస్తే 42 మిల్లీమీటర్లు. నోట్సులో రాసుకున్నాను. "క్యాబిన్ పట్టు" అన్నాడు మావయ్య.