చంద్రగిరి కోట ముందు 'అగం' రాక్ షో పడితే? 90 నిమిషాల డ్రీమ్ సెట్‌లిస్ట్ ఇదే!

రాక్ కన్సర్ట్ చూడాలంటే తిరుపతి కుర్రాళ్లు బస్సెక్కాల్సిందే. చెన్నై అయితే సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరు అయితే సుమారు 250. మరి అదే షో పక్కనే ఉన్న చంద్రగిరిలో జరిగితే? వెనక కొండ, ఎదురుగా లైట్ల వెలుగులో రాజమహల్, స్టేజ్ మీద కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ గిటార్లతో వాయించే 'అగం' బ్యాండ్!

ఇది ఊహ మాత్రమే, షో ఏదీ అనౌన్స్ కాలేదు. కానీ ఫ్యాన్స్ సరదాగా వేసుకునే 'డ్రీమ్ సెట్‌లిస్ట్' వెనక చాలా లెక్క ఉంటుంది. ఏ పాట ముందు, ఏది చివర, దేన్ని వదిలేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంతకీ ఎవరీ 'అగం'?

2003లో బెంగళూరులో మొదలైన బ్యాండ్ ఇది. సింగర్, వయొలినిస్ట్ హరీష్ శివరామకృష్ణన్‌వి కేరళ మూలాలు. 2007లో సన్ టీవీలో ఏఆర్ రెహమాన్ జడ్జిగా వచ్చిన 'ఊ లలలా' పోటీతో వీళ్ల పేరు బయటికొచ్చింది. 2012లో తొలి ఆల్బమ్ 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్', 2017లో 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' వచ్చాయి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక స్పెషల్ కనెక్షన్ ఉంది. వీళ్ల హిట్స్‌లో కొన్ని త్యాగరాజ కృతులే. ఇంగ్లిష్ టైటిల్ చూసి చాలామంది గుర్తుపట్టరు గానీ, 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అంటే హంసనాదంలోని 'బంటురీతి కొలువు'. 'మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్' అంటే నళినకాంతి రాగంలోని 'మనవ్యాలకించరాదటే'. సారమతిలోని 'మోక్షము గలదా' కూడా వీళ్లు చేశారు.

త్యాగరాజు (1767-1847) తమిళనాడులోని తిరువయ్యారులో ఉంటూ తెలుగులో రాశారు. ఆ పాటల్ని ఇప్పుడు బెంగళూరు బ్యాండ్ రాక్ స్టైల్లో పాడుతోంది. మిగతా ఊళ్లలో జనం ట్యూన్‌కి ఊగుతారు. చంద్రగిరిలో అయితే మాటలు కూడా అర్థమవుతాయి. ఇక్కడి సెట్‌లిస్ట్‌కి అదే అసలు పాయింట్.

సెట్‌లిస్ట్ అంటే ఫేవరెట్ పాటల లిస్ట్ కాదా?

కాదు. ప్లేలిస్ట్‌లో నచ్చకపోతే స్కిప్ కొడతాం. షోలో స్కిప్ బటన్ ఉండదు. సింగర్ గొంతుకు రెస్ట్ కావాలి, గిటార్ ట్యూనింగ్ మార్చాలంటే టైమ్ పడుతుంది, గంటన్నర నిలబడే జనానికి మధ్యలో ఊపిరి పీల్చుకునే గ్యాప్ ఉండాలి. వరుస తప్పితే మంచి పాట కూడా తేలిపోతుంది.

ప్రపంచంలో పెద్ద బ్యాండ్లన్నీ దీని మీద బుర్ర పెట్టినవే. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో 'లైవ్ ఎయిడ్' షోలో 'క్వీన్' బ్యాండ్‌కి దొరికింది సుమారు 21 నిమిషాలే. హిట్స్‌ని కుదించి, గ్యాప్ లేకుండా ఒకదానికొకటి అతికించి వాయించారు. ఇప్పటికీ బెస్ట్ లైవ్ షో ఏదంటే చాలామంది చెప్పేది అదే. 'మెటాలికా' అయితే 2023లో మొదలుపెట్టిన టూర్‌లో ఒకే ఊళ్లో రెండు రాత్రులు ఆడి, ఒక్క పాట కూడా రిపీట్ చేయకుండా ప్లాన్ చేసింది.

మన కచేరీలో ఇది ఎప్పుడో ఉంది!

సెట్‌లిస్ట్ అనే మాట కొత్తదేమో గానీ పద్ధతి మనకు కొత్త కాదు. ఈ రోజు మనం వినే కర్ణాటక కచేరీ వరుసను స్థిరపరిచిన ఘనత అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890-1967)కి ఇస్తారు. ముందు వర్ణం, తర్వాత చురుకైన కృతులు, మధ్యలో విస్తారంగా పాడే ప్రధాన కృతి, దాని వెంట మృదంగం తని ఆవర్తనం, ఆఖర్లో తేలికపాటి పాటలు, తిల్లానా, మంగళం.

గొంతు వేడెక్కడానికి వర్ణం, జనాన్ని లోపలికి లాగడానికి చిన్న కృతులు, పట్టు బిగించడానికి పెద్ద కృతి, హాయిగా ఇంటికి పంపడానికి చివరి పాటలు. రాక్ షో సెట్‌లిస్ట్ కూడా ఇదే పని చేస్తుంది. అగం లాంటి బ్యాండ్‌కి ఈ కచేరీ వరుస అచ్చంగా సరిపోతుంది.

టైమ్ ఎంత? ఎన్ని పాటలు?

శబ్ద కాలుష్య నిబంధనలు-2000 ప్రకారం సాధారణంగా రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు ఆపేయాలి. షో 8 గంటలకు మొదలైతే 9.30కి ముగించడం సేఫ్. తిరుపతి హాస్టళ్లకు తిరిగెళ్లే స్టూడెంట్స్‌కీ అదే మంచిది.

చేతిలో 90 నిమిషాలు. మాటలు, ట్యూనింగ్, చప్పట్లకు 15 నిమిషాలు తీసేస్తే మిగిలేది 75. ఒక్కో పాటకు సగటున ఏడున్నర నిమిషాలు అనుకుంటే 10 ఐటమ్స్. అంతకు మించి పట్టవు.

ఇంకో విషయం. రాజమహల్ పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అందులోనే మ్యూజియం కూడా ఉంది. అనుమతి లేకుండా లోపల ప్రోగ్రామ్ కుదరదు. పెద్ద స్పీకర్ల అదురు పాత కట్టడానికి మంచిది కూడా కాదు. అందుకే కోట దూరంగా కనిపించేలా బయట గ్రౌండ్‌లో స్టేజ్ అనుకుందాం.

డ్రీమ్ సెట్‌లిస్ట్ ఇదే

1. బ్రహ్మాస్ డాన్స్: ఇది మన వర్ణం. తొలి పాటలో సౌండ్ ఇంజినీర్ ఇంకా లెవల్స్ సరిచూసుకుంటూ ఉంటాడు. మాటలే ప్రాణమైన పాటను ఇక్కడ పెడితే వేస్ట్ అయిపోతుంది.

2. స్వాన్స్ ఆఫ్ సరస్వతి: రాముడి కొలువులో బంటు ఉద్యోగం ఇప్పించమని అడిగే కృతి. రెండో పాటకే 'అరే, ఇది మన పాటే' అని జనం గుర్తుపట్టాలి.

3. మోక్షము గలదా: వేగం తగ్గించే టైమ్. భక్తి, సంగీత జ్ఞానం లేనివారికి మోక్షం ఉందా అని త్యాగరాజు అడిగిన ప్రశ్న ఇది. ఇక్కడ గిటార్ వాల్యూమ్ తగ్గి, మాట పైకి రావాలి.

4. రంగపుర విహార: ముత్తుస్వామి దీక్షితార్ సంస్కృత కృతి, బృందావన సారంగ రాగం. పెద్దవాళ్లకు బాగా తెలిసిన పాట. పిల్లల్ని షోకి తీసుకొచ్చిన అమ్మానాన్నలకు ఇది వాళ్ల వాటా.

5. ఒక అన్నమయ్య కీర్తన: వయొలిన్, గొంతు, మృదంగం మాత్రమే. ఎందుకో కింద చూడండి.

6. మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్: ప్రధాన కృతి ఇదే. నా మనవి వినరాదా అని తన మనసునే అడిగే పాట. షో మొత్తం దీని మీద నిలబడాలి.

7. తని ఆవర్తనం: డ్రమ్స్, మన తాళ వాద్యాల మధ్య పోటీ. సింగర్ నీళ్లు తాగుతాడు, జనం కేకలు వేస్తారు.

8. ది బోట్ సాంగ్: అందరితో చప్పట్లు కొట్టించడానికి.

9. మల్హార్ జామ్: ఇక కూర్చున్నవాళ్లు కూడా లేవాల్సిందే.

10. ధనశ్రీ తిల్లానా: స్వాతి తిరునాళ్ రచన. కచేరీలో తిల్లానా చివర్లో వస్తుంది, ఇక్కడా అంతే. 'వన్స్ మోర్' అని అరిచాక వచ్చే పాటను అప్పటికప్పుడు అనుకున్నట్టు కనిపిస్తారు గానీ, అది ముందే లిస్ట్‌లో రాసి ఉంటుంది. 10 గంటల డెడ్‌లైన్ ఉన్నచోట అదీ టైమ్‌లో లెక్కే.

అన్నమయ్య పాట ఎందుకు తప్పనిసరి?

చంద్రగిరిని ఏలిన సాళువ నరసింహరాయలు, తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) సమకాలికులు. స్వామి మీద పాడినట్టే తన మీద కూడా ఒక పదం పాడమని రాజు అడిగాడని, అన్నమయ్య ఒప్పుకోకపోతే సంకెళ్లు వేయించాడని కథ. మనవడు చినతిరువేంగళనాథుడు రాసిన 'అన్నమాచార్య చరిత్రము' ఈ సంగతి చెబుతుంది. స్టేజ్ మీదికి చీటీ పంపి ఫలానా పాట పాడమనడం మనకు మామూలే. తెలుగునాట ఫర్మాయిష్‌కి 'నో' చెప్పిన అతి పెద్ద కథ ఇదే! ఆ పేరు వినిపించిన గడ్డ మీద ఆయన పాట లేకుండా షో ముగిస్తే ఎలా?

మరి రాక్ బ్యాండ్ ట్యూన్ మార్చితే తప్పు కాదా? తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. ఈరోజు మనం వినే ట్యూన్లలో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు ఒక్కో పాటకూ బాణీ కట్టారు. అంటే కొత్త ట్యూన్ కట్టడం ఇక్కడ ఎప్పటినుంచో నడుస్తున్న పనే. మాట మాత్రం చెడకూడదు. ఒత్తులు పోయినా, పదం తప్పుచోట విరిగినా తిరుపతి శ్రోతలు ఇట్టే పట్టేస్తారు. అందుకే ఈ ఒక్క పాటకి డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెట్టాలి.

కృతులకు రాక్ గిటార్ ఏంటని అభ్యంతరం చెప్పే రసికులూ ఉన్నారు. వాళ్లను ఒప్పించే ఛాన్స్ ఉన్నది కూడా ఈ ఐదో పాటలోనే.

ఏవి వదిలేయాలి?

అసలు కష్టం ఇక్కడే. 'సాగర శయన విభో' చాలామందికి ప్రాణం. కానీ ఇప్పటికే మూడు, ఐదు స్థానాల్లో నెమ్మది పాటలున్నాయి. ఇంకొకటి పెడితే షో చల్లబడిపోతుంది. ఒకటే ఉంచాలంటే తెలుగు మాటలున్న 'మోక్షము గలదా'కే ఓటు. 'కూత్ ఓవర్ కాఫీ' వేస్తే 'బోట్ సాంగ్' తీసేయాలి, ఎందుకంటే తని తర్వాత జోరు పాటలు రెండు చాలు. 'రుద్ర'కీ టైమ్ లేదు.

మీ లిస్ట్ మీరే వేసుకోవాలంటే..

బ్యాండ్ ఏదైనా ఈ రూల్స్ పనికొస్తాయి.

- ముందు టైమ్ ఫిక్స్ చేయండి, పాటలు తర్వాత.
- చివరి పాట ముందు రాసుకోండి. తర్వాత మొదటిది, ఆ తర్వాత మధ్యలోవి.
- రెండు స్లో పాటలు పక్కపక్కన వద్దు.
- ఒకే ట్యూనింగ్ ఉన్న పాటలు వీలైనంత వరకు కలిపి పెట్టండి.
- ఆ ఊరి కోసమే అన్నట్టు ఒక్క పాటైనా ఉండాలి.
- వదిలేసిన ప్రతి పాటకూ కారణం చెప్పగలగాలి. చెప్పలేకపోతే లిస్ట్ ఇంకా పూర్తి కానట్టే.

ఇప్పుడు మీ వంతు. ఈ పదింటిలో ఒకటి తీసేసి 'సాగర శయన విభో' పెట్టాలంటే దేన్ని తీస్తారు?